వరమా? వేతనమా?

క్రైస్తవ మతమునందు రక్షణము నియమబద్ధమా, నిర్హేతుకమైన వరమా యను ప్రశ్న పండితుల వినోదమునకై పుట్టినది కాదు. మరణశయ్యపై నున్న పాపి కేమి చెప్పవలెనో, పశ్చాత్తాపమును నటించి యథాపూర్వముగ నడచువాని కేమి చెప్పవలెనో, దీనినిబట్టియే తేలును.

ఈ వివాదము ఒకప్పు డొక్క మాటమీద నిలిచినది. 1522లో వెలువడిన తన జర్మను క్రొత్త నిబంధనమున మార్టిన్ లూథరు, రోమీయులకు పౌలు వ్రాసిన పత్రిక మూడవ యధ్యాయమున, విశ్వాసమను మాటకు 'మాత్రమే' యను పదమును చేర్చెను. గ్రీకు మూలమున నది లేదు. ఆక్షేపించినవారికి 1530లో బదులు వ్రాయుచు, ఆ సంగతి తా నెరుగుదు ననియు, జర్మను నుడికారమును పౌలు నభిప్రాయమును నా పదమును కోరుచున్నవనియు నతడు సమర్థించుకొనెను.

తరగతిలో భాషాంతరీకరణములు దిద్దు నాబోటి యుపాధ్యాయుడు దీనిని వెంటనే తప్పని కొట్టివేయజాలడు. పౌలు ధర్మశాస్త్ర క్రియలను తొలగించి విశ్వాసమును నిలిపినాడు గనుక, చేర్చిన పదమచ్చట నర్థమును చెరుపలేదు. కాని క్రొత్త నిబంధనమున విశ్వాసమును 'మాత్రము'ను జతగా గనబడు చోటు యాకోబు పత్రిక రెండవ యధ్యాయ మొక్కటియే; అచ్చట నది నిషేధింపబడినది. ఆ పత్రికను లూథరు 1522 నాటి పీఠికలో గడ్డితో బోల్చి తేలికపరచెను. ఇచ్చట నాతని విమర్శ న్యాయమును దాటినది. నచ్చని సాక్షిని గెంటివేయుట విచారణ కాదు.

నిజమున కిరువురును అబ్రాహామునే యుదాహరించిరి. సున్నతికి పూర్వమే వాగ్దానమును నమ్మిన యబ్రాహామును పౌలు చూపెను. కుమారుని బలిపీఠముపై నుంచిన యబ్రాహామును యాకోబు చూపెను. ఒకడు వేరును, ఒకడు ఫలమును జూపినారు. ఫలమును జూచి చెట్టు బ్రదికియున్నదని తెలిసికొందుము. ఆ ఫలము నిచ్చి చెట్టు తన ప్రాణమును కొనుక్కొనలేదు.

అట్లయిన విశ్వాసమే యొక నియమము గాదా యని యడుగవచ్చును. ఇట్టి చర్చ మన శ్రీవైష్ణవులలోను జరిగినది. తల్లిని పట్టుకొను కోతిపిల్ల వడగలై వారి దృష్టాంతము. తల్లి నోట కరచికొని పోవు పిల్లిపిల్ల తెంగలై వారిది. కాని కోతిపిల్లయైనను తన పట్టును వెలగా నిచ్చి తల్లిని కొనలేదు గదా! పుచ్చుకొనుట వేరు, వెల చెల్లించుట వేరు.

1547లో ట్రెంటు సభ విశ్వాసమాత్ర సిద్ధాంతమును ఖండించెను. ఐనను, నీతిమంతునిగా జేయు కృపను దానికి ముందున్న విశ్వాసముగాని క్రియలుగాని యార్జింపజాలవని యా సభయే చెప్పెను. 1999లో లూథరను ప్రపంచ సమాఖ్యయు రోమను కాథలిక్కు సంఘమును ఆగ్స్‌బర్గున చేవ్రాలు చేసిన యుమ్మడి ప్రకటనము, కృపయే మూలమనియు సత్క్రియలు దాని ఫలములనియు నొప్పుకొనెను. భేదములన్నియు తీరలేదు; మూలమునందు మాత్రము సమ్మతి కుదిరినది.

కావున రక్షణము వరమే, వేతనము కాదు. మరణశయ్యపై నున్నవానికి చెప్పవలసినది పౌలు మాట. ఆకలిగొన్నవానిని మంచిమాటలతో సాగనంపి, నేను విశ్వాసినని తృప్తిపడువానికి చెప్పవలసినది యాకోబు మాట. ఒకరి మందు నొకరికి పోసినచో నిరువురును చెడుదురు.