రంది ఎవరిది, వెలి ఎవరిది?

పాత కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ దిక్కు దిగులును రంది అంటరు. రంది పెట్టుకోవద్దు, నలుగురిలో కలువు అని ధైర్యం చెప్తరు. మంచిమాటే. కానీ ఆ నలుగురే మాట బందు పెడితే ఎవరిలో కలవాలె? ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. లెక్క అవసరమే. అయితే ఒంటరిగా మిగలడం వేరు, ఒంటరిని చేయడం వేరు. రెండోదానికి మన భాషలో పాత పేరే ఉంది: వెలి.

జాషువా 'గబ్బిలం' (1941)ను మేము ఈ తేడా కోసమే మళ్లీ చదవాలంటున్నాం. విమర్శకులు దాన్ని మేఘసందేశం పక్కన పెట్టి, కరుణరస కావ్యమని మెచ్చుకున్నారు. కాళిదాసు యక్షుడి శాపానికి ఏడాది గడువుంది, అవతల ఎదురుచూసే భార్య ఉంది. జాషువా నాయకుడి వెలికి గడువు లేదు. తనకు ప్రవేశం లేని గుడిలోకి పోగలిగే గబ్బిలానికి గోడు చెప్పుకుంటడు. దీన్ని విరహమని ఎట్లంటాం? ఒక మనిషి మాటకు జవాబియ్యొద్దని సమాజం చేసుకున్న కట్టుబాటు ఇది. కరుణ అని పేరు పెట్టగానే, ఆ కట్టుబాటు చేసినోళ్లకు పాఠకుల వరుసలో కూసొని కన్నీళ్లు తుడుచుకునే వీలు దొరికింది. జాషువాతోనూ మాకొక పేచీ ఉంది. విన్నపం శివుడికి పోయింది. జవాబు చెప్పాల్సింది ఊరు.

ఈ పేచీ పాతబడలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు తమ గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నారు. రూపన్వాల్ కమిషన్ మాత్రం కారణాన్ని అతని వ్యక్తిగత నిస్పృహలో చూసింది. ఆ నిస్పృహకు చిరునామా ఏదని అడిగితే, వెలివాడ అన్న పేరే జవాబు చెప్తది.

మనోవైద్యం వద్దని మేము అనడం లేదు. రంది పడ్డ మనిషికి డాక్టరు కావాలె, మందు కావాలె, వినే చెవి కావాలె. అవి మా వాడలకు అందడం హక్కు. కానీ మందు ఒక్కరికిచ్చి, వెలివేసిన ఊరిని ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కగడితే అది సగం వైద్యమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరమన్నది. రోహిత్ పోయిన తొమ్మిది రోజులకు, 2016 జనవరి 26న, అది అమల్లోకి వచ్చింది. మాట బందు పెట్టిన ఊళ్లో ఆ కేసు నమోదు కావడం కూడా చికిత్సలో భాగమే. నలుగురిలో కలువమని ఒకరికి చెప్పేముందు, ఆ నలుగురిని తలుపు తీయమని అడగాలె.