ఇజ్జత్ ఘర్ ఎవరిది?

సఫర్‌కి బయల్దేరే రోజు మా ఇళ్లల్లో ఆడవాళ్లు పొద్దున్నుంచే నీళ్లు మానేస్తారు. చాయ్ కూడా సగం కప్పే. 'దారిలో ఎక్కడికి పోవాలి?' అన్న ప్రశ్న మగవాళ్ల దాకా రాదు. అత్తాకోడళ్ల మధ్య, తల్లీబిడ్డల మధ్య గుసగుసగా పుట్టి, గుసగుసగానే ముగుస్తుంది.

మాది ఇటిక్యాల. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ నడిగడ్డ. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. ఎర్రవల్లి చౌరస్తాకు వస్తే హైదరాబాదు-కర్నూలు జాతీయ రహదారి. ఆస్పత్రికనీ, పెళ్లికనీ, అలంపురంలో షా అలీ పహిల్వాన్ దర్గాకనీ మావాళ్లు పోతూనే ఉంటారు.

దారిలో బస్సు ఆగితే మా అబ్బాలకు, భాయీలకు దిగుల్లేదు. చెట్టుచాటుంది, గోడచాటుంది. అదీ వద్దనుకుంటే మినార్ కనిపిస్తే చాలు. మసీదులో తహారత్‌ఖానా ఉంటుంది, నల్లా ఉంటుంది. ఏ ఊరివాడివని ఎవరూ అడగరు. అమ్మీ మాత్రం గేటు బయట సామాన్ల దగ్గర నిలబడుతుంది. పరాయి ఊళ్లో ముస్లిం మగవాడికి అల్లా ఇల్లుంది. ముస్లిం ఆడమనిషికి ఏ ఇల్లూ లేదు.

1992లో బాబ్రీని కూల్చారు, 2002లో గుజరాత్‌ను తగలబెట్టారు, మీరేమో సండాసుల గురించి రాస్తారా అని మావాళ్లే అడగొచ్చు. ఇంటి గుట్టు బయటపెడితే పరాయివాడికి కత్తి అందించినట్టేనని కోప్పడొచ్చు. ఆ భయం మాకూ ఉంది. కాని ఆ భయం పేరుతో ఎన్నాళ్లు మా ఆడవాళ్ల నోటికి నీళ్లు అందకుండా చేద్దాం?

2017లో 'టాయ్‌లెట్: ఏక్ ప్రేమ్ కథా' అనే హిందీ సినిమా వచ్చింది. చదువుకున్న కోడలు జయ, సండాసు లేని అత్తింట్లో ఉండనని పుట్టింటికి పోతుంది. మొగుడు కేశవ్ తండ్రితో, ఊరితో తగాదాపడతాడు. కథ మంచిదే. అందులో కాసేపు ఆగే రైలెక్కి ఆమె తన అవసరం తీర్చుకోవడం ఉంది. మా దృష్టిలో ఆ సినిమాలో అతి నిజమైన చోటు అదే. ఇంటి బయట, నలుగురు తిరిగే చోట, గడియ ఉన్న ఒక తలుపు ఆడమనిషికి దొరికింది. సినిమా దాన్ని కొన్నాళ్ల ఉపాయంగా చూపి, ఆమెను మళ్లీ ఇంటికే చేర్చింది. ఇంట్లో సండాసు లేకపోతే కోడలి మానం ఏం కావాలని అడిగింది. ఇల్లు దాటిన కోడలు ఎక్కడికి పోవాలో అడగలేదు.

అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో మరుగుదొడ్ల గోడల మీద 'ఇజ్జత్ ఘర్' అని రాశారు. ఇజ్జత్ మా ఇళ్లల్లో పుట్టి పెరిగిన ఉర్దూ మాట. 2018లో అలహాబాదు పేరు తుడిచేసిన రాష్ట్రంలో సండాసు గోడ మీద మాత్రం మా మాటకు చోటు దొరికింది!

ఆ మాటతో మాకు పాత పరిచయమే. బిడ్డను బడి మాన్పించేటప్పుడు విన్నాం. బజారుకు పోతానన్న భాబీని ఆపేటప్పుడు విన్నాం. అవసరం దేహానిది, ఇజ్జత్ ఇంటిది. ఆడదాని అవసరాన్ని ఇంటి ఇజ్జత్‌గా మార్చినాక, నాలుగు గోడల మధ్య ఒక గది కట్టిస్తే బాధ్యత తీరిపోతుంది. 'అన్నీ ఇంట్లోనే ఉన్నాయి కదా, ఇంక బయటికెందుకు?' అన్న మాట ఆ గది తలుపు దగ్గరే మొదలవుతుంది.

ఇక్కడ మావాళ్లు గొప్పగా చెప్పుకునే సంగతొకటుంది. ఈ దేశంలో ముస్లింలు సగటున హిందువులకన్నా బీదవాళ్లు. అయినా మా పసిపిల్లల్లో చావులు తక్కువని పరిశోధకులు గమనించారు. మైఖేల్ గెరుసో, డీన్ స్పియర్స్ 2018లో అచ్చువేసిన పరిశోధనలో దీనికి పెద్ద కారణం చెప్పారు: ముస్లింలూ వాళ్ల ఇరుగుపొరుగూ ఆరుబయటికి పోవడం తక్కువ. సండాసు గుంత తోడడం అంటరాని పని అనుకున్నంతకాలం జనం సండాసు వాడరని డయాన్ కాఫీతో కలిసి స్పియర్స్ 2017లో ఒక పుస్తకమే రాశాడు.

మంచిదే. మరి మా నానీల కాలంలో, నీళ్లు పోసే సండాసులు రాకముందు, పర్దా ఇళ్లల్లో సండాసు ఎవరు ఎత్తారు? వెనక దర్వాజా నుంచి వచ్చిన మెహతర్ ఆడమనిషి ఎత్తింది. మా నానీల పర్దా ఆమె నెత్తి మీది బుట్ట మీద నిలబడింది. ఆమెకు పర్దా ఎవరిచ్చారు? ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. ఆ మెహతర్లలో కల్మా చదివినవాళ్లూ ఉన్నారు. బి.సి. జాబితాలో మెహతర్ ముస్లింల పేరుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకుంది. అదే బుట్ట మోసిన ముస్లింను నేటికీ చేర్చుకోలేదు. ప్రభుత్వాన్ని నిలదీద్దాం. మమ్మల్ని మేమూ అడుక్కుందాం: ఒకే సఫ్‌లో నిలబడతామని చెప్పుకునే మేం మెహతర్ ఇంటికి ఎన్నడైనా బిడ్డనిచ్చామా?

పర్దా అందరిదీ కాదు. నడిగడ్డలో సీడుపత్తి చేలల్లో క్రాసింగ్‌కు పోయే బీద ముస్లిం ఆడవాళ్లకు ఏ పర్దా ఉంది? మొక్కలు నడుమెత్తు పెరిగేదాకా వాళ్లకు చేనులో చాటు కూడా ఉండదు. ఇజ్జత్ గురించి ప్రసంగించే పెద్దలకు ఈ ఆడవాళ్లు ముస్లింలుగా కనిపించరు.

ఇంకొకరున్నారు. ఏ తలుపూ తమది కానివాళ్లు. హిజ్రాల మీద నిజాం కాలంలో ఒక చట్టం తెచ్చారు. ఆడబట్టల్లో బజారులో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. ఆసఫ్‌జాహీల వైభవం తలుచుకునేటప్పుడు మేం దీన్ని తలుచుకోం. 2023లో గాని తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేయలేదు. వాళ్లకు వేరే ప్రజా మరుగుదొడ్లు కట్టాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15నే నల్సా తీర్పులో చెప్పింది. అయినా మగవాళ్ల తలుపు దగ్గర వెక్కిరింపు, ఆడవాళ్ల తలుపు దగ్గర తరిమివేత. ఆడవాళ్ల భద్రత కోసమేనంటారు. మా ఆడవాళ్లను ఇంట్లో కూచోబెట్టిందీ ఈ భద్రత మాటే. ఒకరిని లోపల మూయడానికి, మరొకరిని బయటికి నెట్టడానికి ఒకే మాట పనికొస్తున్నప్పుడు ఆ మాటను అనుమానించాలి. ఆడవాళ్ల భయం అబద్ధం కాదు. దానికి కావలసింది గట్టి గడియ, వెలుతురు, అందరికీ సరిపడా గదులు. హిజ్రాను తరిమితే ఆడవాళ్లకు ఒక్క గదీ పెరగదు.

ముంబైలో ఆడవాళ్లు 2011లోనే 'రైట్ టు పీ' అని ఉద్యమం చేశారు. మగవాళ్లకు ఊరికే దొరికే మూత్రశాలకు మా దగ్గర పైసలెందుకని అడిగారు. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు, కోర్టుల ఆవరణల్లో మగవాళ్లకు, ఆడవాళ్లకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు ఉండాలని, అది గౌరవంగా బతికే హక్కులో భాగమని చెప్పింది. ఇజ్జత్ అనే మాట అవసరం లేకుండానే ఈ సంగతి చెప్పొచ్చన్నమాట.

ఆడవాళ్లు నమాజుకు మసీదుకు రావచ్చని 2023లో ముస్లిం పర్సనల్ లా బోర్డు సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. సంతోషం. మరి వజూ ఎక్కడ చేయాలి? తహారత్‌కు ఎక్కడికి పోవాలి? చోటు చూపని అనుమతి కాగితం మీదే ఉంటుంది. రోడ్డు పక్కనున్న ప్రతి మసీదు కమిటీనీ మేం ఒకటే కోరుతున్నాం: ఆడవాళ్లకొక గది కట్టండి. బుర్ఖా ఉందా, బొట్టు ఉందా అని చూడకండి. దాన్ని కడిగేవాళ్లకు సరైన కూలీ ఇవ్వండి, వాళ్లతో కలిసి దస్తర్‌ఖాన్ దగ్గర కూచోండి. బస్టాండు, సంత, రహదారి సంగతి ప్రభుత్వాన్ని అడిగేముందు మా గేటు మేం తెరుద్దాం.

అప్పుడు సఫర్ రోజున మా అమ్మీ కడుపునిండా నీళ్లు తాగి బస్సెక్కుతుంది.