మండీ కాటా

మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం ముగిశాక క్రేట్లన్నీ లారీలెక్కిపోతాయి, కాటా ఒక్కటే మిగులుతుంది. మా ఫుట్‌బాల్ జట్టు పిల్లోడొకడు రోజూ ప్రాక్టీసుకు వచ్చే ముందు ఆ కాటా ఎక్కి నిలబడేవాడు. వాళ్ల నాయన అక్కడే హమాలీ. వాడికి పద్నాలుగేళ్లు, డిఫెన్సులో ఆడతాడు. కాటా చూపిన అంకెను లెక్కల నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకునేవాడు. 61. 60.5. 60.5. 59. నెల రోజుల పాటు నాకా సంగతే తెలియదు.

వాడు అలా తూకం చూసుకోవడానికి కారణం కోచ్‌నైన నేనే. ఒక మ్యాచ్‌లో పుంగనూరు కుర్రాడొకడు వాణ్ని రెండుసార్లు దాటుకుపోయి గోలు కొట్టాడు. హాఫ్ టైంలో అందరి ముందూ "ముందు ఆ ఒళ్లు తగ్గించుకో, తర్వాత ఆడుదువు" అనేశాను. అన్న మాట నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను. వాడు పొద్దున ఇడ్లీ మానేశాడు, రాత్రి సంగటి మానేశాడు. మార్చి ఎండలో జెర్సీ మీద స్వెట్టరు తొడుక్కుని గ్రౌండు చుట్టూ పరిగెత్తాడు. చలి జ్వరమేమో అనుకున్నాను కానీ, దగ్గరికి పిలిచి అడగలేదు.

ఒకరోజు కార్నర్ కిక్‌కు పైకి ఎగిరినవాడు కిందికి దిగుతూనే కూలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి, నుదుటి మీద చల్లటి చెమట. నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాం. తేరుకున్నాక నిమ్మరసంలో ఉప్పూ చక్కెరా కలిపి తాగిస్తూ "ఏం తిన్నావు రా?" అని అడిగాను. "పొద్దున ఏం తినలే సార్. నిన్న రాత్రి గూడా తినలే." నీళ్ల సీసా కోసం వాడి బ్యాగు వెతుకుతుంటే ఆ నోట్‌బుక్కు బయటపడింది.

ఆ పేజీలో తగ్గిన రెండు కిలోలూ ఒక్క కొవ్వే కాదు. ఎండలో గంటన్నర ఆడాక తూకం చూస్తే కిలో తగ్గి ఉండొచ్చు, అది ఇంచుమించు లీటరు చెమట. నీళ్లు తాగితే తిరిగొచ్చేస్తుంది. స్వెట్టరు వేసుకుని పరిగెత్తితే పోయేదీ ఆ నీళ్లే, పైగా వడదెబ్బ భయం. పూట పూటా తిండి ఎగ్గొడితే కరిగేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. తొడల్లో బలం పోయిన డిఫెండరు ముందుకన్నా నెమ్మదవుతాడు తప్ప చురుకవడు.

వాళ్ల ఇంటికి వెళ్లాను. తల్లి కంగారుగా ఉంది. "కంచం ముందర కూర్చోడు సార్. పరీక్షల భయమేమో అనుకున్నా." అవ్వ మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. "సంగటి తింటే ఒళ్లొస్తుందని ఎవురు చెప్పినారు వీనికి? వీళ్ల తాత పూటకు మూడు ముద్దలు తినేటోడు, ఏనాడన్నా బొజ్జ చూసినామా?" ఎవరు చెప్పారో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాసేపు ఆగి నేనేనని ఒప్పుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. ఉడికిన బియ్యంలో రాగిపిండి పోసి ఉన్న గిన్నెను పాదాల మధ్య బిగించి పట్టుకుని కట్టెతో కెలకసాగింది. ఉండలు లేకుండా మెత్తబడ్డాక చెయ్యి తడుపుకుని ముద్ద చేసి, నడుమ వేలితో గుంట పెట్టి, అందులో పాలకూర పప్పు పోసి నా ముందర పెట్టింది.

ఆ ముద్ద తింటూ నాకు గుర్తొచ్చిన లెక్క ఒకటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన దాని ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 2,860 కేలరీలు కావాలి. ఒక మోస్తరు శ్రమ చేసే పెద్ద మగవాడికి 2,710 చాలు. మండీలో బరువులు మోసే వాళ్ల నాయనలాంటి వాళ్లకు 3,470. అంటే ఈ పిల్లోడికి కావలసిన తిండి నాకు కావలసిన దానికన్నా ఎక్కువ. అంత కావలసినవాణ్ని నేను ఒక్క మాటతో పస్తు పెట్టాను.

ఈ వయసులో చాలామంది మగపిల్లలు ముందు కాస్త బొద్దుగా అవుతారు, ఆ తర్వాత ఒక్కసారిగా పొడుగు సాగుతారు. ఇలాంటి పిల్లోడి తూకం తగ్గించనక్కర్లేదు. ఉన్నచోట ఆగితే ఎత్తే దాన్ని సర్దుకుంటుంది. నిజంగా బరువు మరీ ఎక్కువైన పిల్లలుంటే డాక్టరు చూడాలి, ఈలవేసే నాలాంటివాడు కాదు.

తగ్గించాల్సినవి లేవని కాదు. అవి ఇంటి కంచంలో లేవు, బస్టాండు దగ్గరున్నాయి. బెంగళూరు మాకు దగ్గర కావడంతో అక్కడి బేకరీ పఫ్ఫులు, గోబీ మంచూరియా బండ్లు మదనపల్లెకూ కుప్పానికీ ఎప్పుడో వచ్చేశాయి. ఆట అయ్యాక పిలకాయలు నేరుగా కూల్‌డ్రింకు దగ్గరికి పోతారు. 250 మిల్లీలీటర్ల సీసాలో అయిదారు చెంచాల చక్కెర ఉంటుంది. అదే డబ్బుకు ఒక అరటిపండు, గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు వస్తాయి. ఆడి వచ్చిన కండకు కావలసినవి అవే.

ఇక ఫోను. కుప్పంలో రైలెక్కి కంఠీరవ స్టేడియంలో బెంగళూరు జట్టు ఆట చూసొచ్చే పిల్లలు మాకున్నారు. 1984లో సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి అంటే వాళ్లకు ప్రాణం. తిండి విషయంలో అతను ఎంత కట్టుగా ఉంటాడో రీల్స్‌లో చూసి అన్నం మానేస్తామంటారు. అతనిది ఎదగడం ఎప్పుడో పూర్తయిన ఒళ్లు, వీళ్లది ఇంకా ఎదుగుతున్న ఒళ్లు. బడి భోజనంలో ఇచ్చే గుడ్డులో పచ్చసొన తీసి పారేసేవాళ్లను కూడా చూశాను. ఒక గుడ్డులో ఉండే ఆరు గ్రాముల మాంసకృత్తుల్లో సగానికి కాస్త తక్కువ ఆ పచ్చసొనలోనే ఉంది. ఎ, డి విటమిన్లు దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి.

మగపిల్లలు ఎక్కడో ఒకచోట కూలబడితే మనకు తెలుస్తుంది. ఆడపిల్లల విషయంలో తెలియదు. కుప్పం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి వింగులో చక్కగా ఆడేది. సన్నబడింది, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత పాదం ఎముకలో సన్నటి పగులు వచ్చింది. నాలుగు నెలలుగా నెలసరి రాలేదని డాక్టరమ్మ అడిగితే గానీ బయటపడలేదు. ఆటకు ఖర్చయ్యేంత తిండి లోపలికి పోకపోతే ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుంది, ఆపైన ఎముకలకు పెట్టేది తగ్గిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. అప్పటి నుంచి మా అమ్మాయిల జట్టుకు ఒక టీచరమ్మను తోడు పెట్టుకున్నాను, నాతో చెప్పుకోలేనివి ఆమెతో చెప్పుకుంటారు. మూడు నెలలు నెలసరి రాకపోతే ఆట ఆపి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని నియమం పెట్టుకున్నాం.

ఆ అమ్మాయికి ఇప్పుడు సంగటి మందులాంటిది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. ఎముకల తర్వాత రక్తం సంగతి. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆకుకూర పప్పులో టమోటా వేస్తే ఆ పులుపు వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తినగానే టీ తాగితే సరిగా పట్టదు. మార్కెట్లో ధర లేక టమోటాలు రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో కూడా మా పిల్లలు రక్తం చాలక మాత్రలు మింగుతున్నారంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు ఈల వేయడానికి ముందు ఒక్కొక్కరినీ "ఏం తిన్నావు?" అని అడుగుతాను. తినలేదంటే ఆడనివ్వను. తిట్టను కూడా తిట్టను, నా సంచీలో అరటిపళ్లు ఉంటాయి. ఎవరి తూకం గురించీ ఎవరూ మాట్లాడకూడదు, నాతో సహా. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లోడు నా భుజం దాటాడు. తూకం ఎంతో నేనడగలేదు, వాడూ చెప్పలేదు.

ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పుంగనూరుతో మ్యాచ్. ఆరింటికల్లా కడుపు నిండా తినమని, ఆటకు మూడు గంటల ముందైతే అరిగిపోతుందని చెప్పాను. "అంత పొద్దున సంగటి ఎవురు కెలుకుతారు సార్?" అన్నాడు గోల్‌కీపరు. బూటు లేసు కట్టుకుంటున్నవాడు తలెత్తకుండానే "మా అవ్వ కెలుకుతుంది, అందరూ మా ఇంటికి రాండి" అన్నాడు.