కళాపూర్ణోదయమున నద్భుతము

అద్భుతశబ్దమునకు యాస్కుఁడు, మున్నులేనిదానివంటిది యను నర్థముఁ జెప్పెను. మాయాశబ్దమును వైదికనిఘంటువు ప్రజ్ఞానామములలోఁ జేర్చినది. మాయ యనఁగా నేర్పు. అది మేలునకును వంచనకును గూడ నుపయోగపడును. ఈ భేదమును గథారూపమునఁ జూపిన తెలుఁగు కావ్యము పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయము.

16వ శతాబ్దినాఁటి యీ యెనిమిదాశ్వాసముల ప్రబంధమున రూపపరివర్తనము, జన్మాంతరస్మృతి, దూరశ్రవణము మున్నగు నద్భుతములు పెక్కులు గలవు. ఇట్టివి బాలుర కథలకేకాని ప్రౌఢకావ్యమునకుఁ దగవను నాక్షేపమునకు మణిస్తంభుని వృత్తాంతమే సమాధానము.

సింహవాహనుఁడగు నీ సిద్ధుఁడు దూరమున నున్నవానిఁ జూడఁగలఁడు. దూరమునఁ బలికిన పలుకుల వినఁగలఁడు. కవి యాతనిఁ గపటసిద్ధునిగాఁ జిత్రింపలేదు, శక్తి నిజమైనదే. ద్వారకాపురి వేశ్యాకన్యయగు కలభాషిణి నలకూబరునియందు మనసు నిలిపినది. ఆ కోరికయే సిద్ధునకుఁ బట్టు. ఇతఁడింత యెఱుఁగునను తలఁపునుండి, యితఁడు నమ్మఁదగినవాఁడను తలఁపునకు నామె యొక్క యడుగున దాఁటినది. ఈ రెండింటికిని హేతుసంబంధము లేదు. తుదకాతఁ డామెను బలియియ్యఁదలఁచి మృగేంద్రవాహన గుడికిఁ గొనిపోయెను.

అబద్ధముచే మోసపోవుట లోకమెఱిఁగినదే. నిజముచే మోసపోవుట సూరన చూపినది. శక్తి యున్నదా యనునది యొక ప్రశ్న. శక్తిమంతుని యుద్దేశమేమి యనునది వేఱొకటి. మొదటిదానికి వచ్చిన యుత్తరమును రెండవదానికిఁ గూడ నుత్తరముగాఁ గొనుటయే మూఢవిశ్వాసమునకు మూలము.

రహస్యమునందలి మక్కువ యంతయు దోషమని కవి యభిప్రాయము గాదు. కళాపూర్ణుని కథ యొకటి గలదని మొదటనే వినిపించి, యది యెట్టిదో చాలదూరము దాఁచినవాఁ డాతఁడే. మధురలాలస శిశువై యుండఁగా హారమణి యురమునఁ దాఁకినంతఁ బూర్వజన్మవృత్తాంతములను జెప్పును. విడివిడిగాఁ దోఁచిన కథలన్నియు నప్పుడొక్కటియగును. కారణము తెలిసినఁ గౌతుకము తీఱును గాని విస్మయము తీఱదు. అది వస్తువును విడిచి కూర్పు నాశ్రయించును. కట్టమంచి రామలింగారెడ్డి 1914లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమున నీ కావ్యమును విమర్శకు వస్తువుగాఁ గొనుట యుచితమే.

శిశువు పలుకుటయు నొక యద్భుతమే కదా, రహస్యమును రహస్యముచే విప్పుట లోపము గాదా యనవచ్చును. కొంత లోపమే. అయినను బాఠకుఁడు వెనుకకుఁ బోయి ప్రతిసంధిని సరిచూచుకొనవచ్చును. మణిస్తంభుఁడు కలభాషిణికిఁ జూపనిది యా త్రోవయే.