వైద్యశిక్షణలో వర్చువల్ బోధన - రోగి భాష: ఆదోని ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఆదోని ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021 మే 31న వర్చువల్ విధానంలోనే శంకుస్థాపన జరిగింది. అదేరోజు శంకుస్థాపన జరిగిన నంద్యాల కళాశాలలో 2023-24లో ప్రవేశాలు మొదలయ్యాయి. ఆదోనికి అప్పుడు ఆ అవకాశం రాలేదు. భవనాలు, బోధకులు కొరవడినచోట తెరమీది పాఠం లోటు పూరిస్తుందనే వాదన ఇటువంటి ప్రాంతాల విషయంలో బలంగా కనిపిస్తుంది. ఆ వాదనలో చోటు దొరకని భాషాసమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రయోజనం - పరిమితి:

శరీరనిర్మాణాన్ని త్రిమితీయ చిత్రాలలో చూడటం, శస్త్రచికిత్సను పదేపదే గమనించడం, కల్పితరోగి విషయంలో జరిగిన పొరపాటును ఎవరికీ హాని లేకుండా దిద్దుకోవడం వర్చువల్ బోధన ఇచ్చే నిజమైన ప్రయోజనాలు. 2020లో కోవిడ్ వల్ల తరగతులు మూతపడినప్పుడు చదువును నిలిపింది కూడా ఇదే. అయితే నాడి చూడటం, కడుపు నొక్కి పరీక్షించడం చేతికి అలవడవలసిన విద్యలు. ఈ పరిమితిని వైద్యవిద్యారంగం గుర్తించింది. రోగి మాటను అర్థం చేసుకోవడం కూడా అటువంటి విద్యే అన్న సంగతికి తగిన గుర్తింపు లేదు.

3. రోగి మాట:

ఆంగ్లంలో 'పెయిన్' అనే మాటకు విశేషణాలు చేర్చి చెప్పే భేదాలను తెలుగు వేర్వేరు పదాలతో చెబుతుంది. పోటు, సలుపు, తీపు, మంట ఒకటి కావు. 'గుండెల్లో మంట' అన్న రోగిది జీర్ణాశయ బాధ కావచ్చు, గుండెజబ్బూ కావచ్చు. 'వేడి చేసింది' అన్నంత మాత్రాన జ్వరమని అర్థం కాదు. కర్ణాటక సరిహద్దున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో తెలుగు పక్కనే కన్నడ, ఉర్దూ వినిపిస్తాయి. ఆంగ్లంలో రాసిన కల్పితరోగి సంభాషణలో ఈ మాటలేవీ ఉండవు.

2019 వైద్యవిద్యా ప్రణాళిక పునాది కోర్సులో భాషా, కంప్యూటర్ నైపుణ్యాలకు కలిపి 40 గంటలు కేటాయించింది. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిలభారత కోటావి కనుక తెలుగు బొత్తిగా రాని విద్యార్థులూ ఇక్కడికి వస్తారు. మరోవైపు, 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఈ-సంజీవని ద్వారా దూరవైద్యం గ్రామాలకు చేరింది. తెరమీద వైద్యుని చేయి రోగిని తాకదు. అక్కడ రోగనిర్ణయానికి ప్రధానాధారం మాటే. ఆరోగ్యకేంద్రంలోని సిబ్బంది మధ్యవర్తిగా ఉంటారన్న సమాధానం కొంతవరకే నిలుస్తుంది. 'సలుపు' అన్నది వారి నోట 'పెయిన్'గా మారితే వైద్యునికి అందవలసిన ఆధారం దారిలోనే పోతుంది. శిక్షణ, చికిత్స తెరమీదికి మారినకొద్దీ రోగి భాషకు ప్రాధాన్యం పెరుగుతుందే తప్ప తగ్గదు.

4. ముగింపు:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు మాటకూ నేతగాని మాటకూ దక్కిన ఆ శ్రద్ధ రోగి మాటకూ దక్కాలి. ఎమ్మిగనూరు మగ్గం దగ్గర, ఆదోని పత్తిమార్కెట్టులో పనిచేసేవారు తమ నొప్పిని చెప్పుకొనే తీరును, వారి అనుమతితో, తెలుగుశాఖలూ వైద్యకళాశాలలూ కలిసి ధ్వనిముద్రణ చేయవచ్చు. వాటితో తయారైన వర్చువల్ పాఠం ఆదోనికి వచ్చే వైద్యవిద్యార్థికి రోగిని చూడకముందే అతని మాటను పరిచయం చేస్తుంది. ఆసుపత్రిలోని ప్రత్యక్షశిక్షణకు అది ప్రత్యామ్నాయం కాదు. దానికి సన్నాహం మాత్రమే.