గరిజె అంచు విచ్చుకోకుండా

డిసెంబర్ మూడో వారం దాటిందంటే పెగడపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు క్రైస్తవుల ఇండ్లల్లో పెద్ద మూకుడు పొయ్యి ఎక్కుతుంది. గరిజెలు, గులాబీ పువ్వులు, మురుకులు, సకినాలు: అప్పాల పని మొదలైనట్టే. జగిత్యాల బేకరీల్లో ప్లమ్ కేకులు ఎన్ని వరుస తీరినా, పండుగ పూట చర్చి నుంచి వచ్చాక పక్కింటికి పళ్లెంలో పోయేది ముందుగా గరిజెలే.

ఈ ప్రాంతానికి క్రిస్మస్‌ను వెస్లియన్ మిషన్ వాళ్లు తెచ్చారు. వాళ్లు కట్టించిన మెదక్ చర్చిలో తొలి ఆరాధన జరిగింది 1924 డిసెంబర్ 25న. పండుగ కొత్తగా వచ్చింది గానీ దాంతోపాటు ఓవెన్ రాలేదు. ఇంట్లో ఉన్నవి మూకుడు, నూనె, బెల్లం, కుడుకలు, నువ్వులు. సంక్రాంతికీ పెండ్లికీ చేసే గరిజెనే క్రిస్మస్‌కూ చేసుకున్నారు. అరువు తెచ్చుకున్న రుచి కాదు కాబట్టే అది ఇంతకాలం నిలిచింది.

ఐరోపాలో ఈ పండుగ రోజుల్లో చేసేవి తేనె బిస్కెట్లు. జర్మనీలోని నూరంబర్గ్ వాటికి పెట్టింది పేరు. ఊరి చుట్టూ ఉన్న అడవి నుంచి తేనె వచ్చేది. మిరియాలు, అల్లం, యాలకులు మలబార్ తీరం నుంచి, లవంగాలు, జాజికాయ మలుకు దీవుల నుంచి వర్తకుల చేతులు మారుతూ చేరేవి. 1643లోనే అక్కడి తయారీదారులు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. 1996లో ఐరోపా సమాఖ్య నూరంబర్గ్ బిస్కెట్ల పేరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. నూరంబర్గ్‌లో తయారైనవాటికి తప్ప ఆ పేరు పెట్టకూడదు. ఉత్తర క్రొయేషియాలో హృదయం ఆకారపు బిస్కెట్‌కు ఎర్రరంగు అద్ది, మీద పేర్లు రాసి, చిన్న అద్దం ముక్క అతికించి కానుకగా ఇస్తారు. ఆ పనితనాన్ని యునెస్కో 2010లో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

గరిజెకు రంగు లేదు, అద్దం లేదు. దాని అందమంతా అంచులో ఉంది.

మైదాలో చిటికెడు ఉప్పు వేసి, కాగిన నూనె రెండు గరిటెలు పోసి, గట్టిగా కలిపి తడిబట్ట కప్పి పెడతారు. వేయించిన నువ్వులు, పుట్నాల పొడి, తురిమిన కుడుక, గసగసాలు, యాలకుల పొడి, బెల్లమో చక్కెరో కలిపితే లోపలి పొడి సిద్ధం. చిన్న పూరీ ఒత్తి, మధ్యలో చెంచాడు పొడి పెట్టి, అంచుకు తడివేలు రాసి సగానికి మడుస్తారు. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఒక కొస నుంచి బొటనవేలితో అంచును కొద్దిగా నొక్కి సాగదీసి లోపలికి మడవాలి, ఆ మడత మీదే మళ్లీ నొక్కాలి. చివరికి వచ్చేసరికి అంచంతా జడలా అల్లుకుంటుంది. ఇది చూపు కోసమే చేసే సింగారం కాదు. మడత ఎక్కడ వదులైనా నూనెలో గరిజె విచ్చుకుంటుంది. పొడి బయటపడి మాడుతుంది, నూనె నల్లబడుతుంది, తర్వాతి వాయి అంతా మాడు వాసన కొడుతుంది. చేయి తిరిగినవాళ్లను గరిజెలు చుట్టడానికి కూర్చోబెట్టి, మిగతావాళ్లు పూరీలు ఒత్తేది అందుకే.

గులాబీ పువ్వుల పనితనం వేరు. అక్కడ ఆకారమంతా ఇనుప అచ్చుదే. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి పిండి జారులో ముంచాలి, అదీ పైఅంచు మునగకుండా. పైదాకా మునిగితే పువ్వు అచ్చును వదలదు. సరిగ్గా ముంచితే నూనెలో రెండుసార్లు ఆడించగానే జారిపోతుంది. స్వీడన్, నార్వేల్లో కూడా ఇలాంటి అచ్చులతోనే క్రిస్మస్‌కు పువ్వులు వేయిస్తారు.

తేనె చెమ్మను పట్టి ఉంచుతుంది. అందుకే నవంబర్‌లో చేసిన తేనె బిస్కెట్ పండుగ నాటికి మెత్తబడి ఇంకా రుచిగా ఉంటుంది. గరిజె సంగతి దీనికి తలకిందులు. లోపలి బెల్లం చెమ్మ పీలిస్తే పైపొర కరకర పోతుంది. నాలుగు రోజుల్లో తినేవాటికి బెల్లం, దూరం పోయేవాటికి చక్కెర వాడటం అనుభవంతో వచ్చిన తెలివి. ఈ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు తక్కువేం కాదు. దుబాయ్ పోయే బ్యాగులో పెట్టే డబ్బా సంగతి తెలిసిన తల్లి పొడి కలిపేటప్పుడే ఆ లెక్క చూసుకుంటుంది.

ఇప్పుడు ప్లాస్టిక్ అచ్చులు వచ్చాయి. పూరీ పెట్టి మూస్తే చాలు, గరిజె తయారు. పని తేలికైంది, అందులో తప్పేం లేదు. కానీ చేతి మడత రాసుకుని నేర్చుకునేది కాదు, పక్కన కూర్చొని చూస్తేనే వస్తుంది. నూరంబర్గ్ పనితనానికి సంఘం, చట్టం అండగా నిలిచాయి. గరిజెకు ఉన్నదల్లా ఇంట్లో పెద్దామె చేయి. చర్చిల్లోని స్త్రీల మైత్రి సంఘాలు డిసెంబర్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఈ పనికి కేటాయించగలవు. పిల్లలు, ఆడపిల్లలతో పాటు మగపిల్లలు కూడా, పీటల చుట్టూ కూర్చోవాలి. వాళ్లను నూనె దగ్గరికి రానివ్వనక్కర్లేదు. ముందు ఉత్త పూరీ అంచు మడవనివ్వాలి, తర్వాత అర చెంచా పొడితో, ఆపైన నిండుగా. వాళ్లు చుట్టినవి విడిగా వేయించి, ఏది నిలిచిందో ఏది విచ్చుకుందో వాళ్లకే చూపించాలి. వేలు ఎక్కడ గట్టిగా పడాలో వాళ్లకు అప్పుడు తెలిసిపోతుంది.