టమాటా గుర్తుపట్టిన తీగ

బంగారు తీగను చూసి మురిసే రైతు ఉండడు. వరి కోసిన మాగాణిలో మినుము మీద పడిందంటే చేనంతా పసుప్పచ్చగా అల్లుకుని సారం పీల్చేస్తుంది. కంచెల మీద, రేగుపొదల మీద జుట్టు విరబోసుకున్నట్టుండే సీతమ్మ పోగునూలుదీ ఇదే కుదురు. వేరుండదు, ఆకుండదు, పత్రహరితం అంతంతమాత్రం. దొరికిన మొక్కనల్లా చుట్టేసే ఈ పోగునూలు తీగ టమాటా దగ్గర మాత్రం భంగపడుతుంది. ఆ భంగపాటు జరిగే తీరులో ఎంత పొందికైన నాటకముందో!

టమాటా కాండాన్ని చుట్టుకున్న తీగకు లోపలివైపు వరసగా బుడిపెలు లేస్తాయి. లోపలికి చొచ్చుకుపోయి రసం పీల్చే హాస్టోరియాలు వాటిలోంచే వస్తాయి. మొదటి ఘట్టంలో టమాటా తానే శత్రువుకు పట్టు దొరికేలా చేస్తుంది. తీగ తాకిన చోట కణాలు అరబినోగలాక్టన్ ప్రొటీన్ ఒకదాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ ప్రొటీన్‌ను తగ్గించి చూస్తే తీగ పట్టు సడలింది. ఈ అమాయకత్వం లేకపోతే తర్వాతి ఘట్టానికి అంత బిగువు వచ్చేది కాదేమో.

ఆ తర్వాత హాస్టోరియం కింది కణాలు పొడుగు సాగుతాయి, కుప్పకూలుతాయి. నాలుగైదు రోజుల్లో కాండం మీద చింతపిక్క రంగు మచ్చలు వరసగా తేలతాయి. ఒక్కో మచ్చా ఒక్కో దాడి జరిగిన చోటు. చచ్చిన కణాల చుట్టూ గోడలకు సుబెరిన్ పూత పడుతుంది, దారి మూసుకుపోతుంది. మచ్చ పక్కనే కాండం పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. వీరమంటే కత్తి దూయడమే అనుకునేవాళ్లు ఈ పొదుపును చూడాలి. ఎన్ని కణాలు పోవాలో అన్నే పోతాయి.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ చావుల కన్నా ముందే జరిగే గుర్తింపు. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా, సీతమ్మ పోగునూలుది మన ఆసియా. అయినా తీగ కణగోడలోని చిన్న ప్రొటీన్ తునక చాలు, టమాటా పసిగట్టేస్తుంది. ఆ పని చేసే గ్రాహకాన్ని జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రజ్ఞులు 2016లో బయటపెట్టారు, క్యూర్1 అని పేరు పెట్టారు. కణం పైపొర మీద కాపలా ఉండే ఈ గ్రాహకానికి తునక తగలగానే ఇథిలీన్ పుడుతుంది, ఆక్సిజన్ ఉగ్రరూపాలు ఎగజిమ్ముతాయి. పెన్నెల్లీ అనే అడవి టమాటాకు ఈ స్పందన లేదు. ఆ లోటే జన్యువు ఆచూకీ చెప్పింది. జన్యువును పొగాకు కుటుంబపు మొక్కలో పెడితే దానికీ తీగ జాడ తెలిసివచ్చింది, కొంత తట్టుకోగలిగింది.

నాయకుడికి ఓటమే లేని నాటకం నాకంతగా రుచించదు. ఇక్కడ ఆ లోటు లేదు. కస్క్యూటా కాంపెస్ట్రిస్ అనే దాయాది తీగ టమాటా మీదే హాయిగా పాగా వేస్తుంది. అరబిడాప్సిస్ మొక్క మీద దాని ఎత్తుగడ 2018లో వెల్లడైంది. అది మైక్రో ఆర్‌ఎన్‌ఏలను ఆతిథేయి కణాల్లోకి పంపి కొన్ని జన్యువుల నోరు నొక్కుతుంది. వాటిలో ఒకటి, గాయమైనప్పుడు తీపిరసం కారిపోకుండా గొట్టాలకు అడ్డుపడే ప్రొటీన్‌ది. దొంగ ముందుగా మూయించింది ఇంటి తలుపు కాదు, కాపలావాడి నోరు.